దక్షిణ ధ్రువానికి మా ప్రణాళిక, అందులోంచి తీసేసిన అధ్యాయం

మీరు ప్రణాళికలు రాసే ఉద్యోగంలో కొత్తగా చేరుతుంటే, మొదటి రోజే పాత ముసాయిదాల కట్ట ఒకటి మీ ముందు పెడతారు. వాటిలో మొదటి పేజీలు చదవకండి. అక్కడ దేశగౌరవం ఉంటుంది, విజ్ఞానం ఉంటుంది, జెండా ఉంటుంది. అలాంటివి రాయడం తేలిక. నేనూ బోలెడు రాశాను. పంపిన మనిషి చిక్కుకుపోతే ఎవరు, దేనిమీద, ఎక్కణ్ణుంచి బయల్దేరి వస్తారో చెప్పే పేజీ కోసం వెతకండి. అది దొరక్కపోతే ముసాయిదా మూసి, రాసినవాణ్ణి పిలిపించండి.

మా ప్రణాళికకు ఆ పేజీ నేను రాశాను. దాన్ని తీసేశారు. కోపం తగ్గాక ఈ సంగతులు రాద్దామని ఇన్నేళ్ళు ఆగాను. రిటైరైనా తగ్గలేదు. ఇక తగ్గదని తేలిపోయింది కాబట్టి కోపంతోనే రాస్తున్నాను.

రెండో కిటికీ పక్క బల్ల

మా నాన్న శ్రీకాకుళం దగ్గరి పల్లె నుంచి ఖరగ్‌పూర్ వచ్చి రైల్వేలో క్రేను ఖలాసీగా చేరాడు. నేను ఇక్కడే పుట్టి, ఇక్కడే మెట్రిక్ దాకా చదివి, వర్క్‌షాపు స్టోర్సులో గుమాస్తానయ్యాను. డిగ్రీ లేదు. ఆ మాట చెప్పడానికి నాకు ఏనాడూ సిగ్గు లేదు. నా చదువంతా రైల్వే ఇన్‌స్టిట్యూట్ లైబ్రరీలో, రెండో కిటికీ పక్క బల్ల మీద జరిగింది. డ్యూటీ దిగి, సైకిలు గోడకు ఆనించి, తలుపులు మూసేదాకా కూర్చునేవాణ్ణి. ఇంగ్లీషు పుస్తకం ఒక చేతికింద, నిఘంటువు రెండో చేతికింద. బెంగాలీ అక్షరాలు లైబ్రేరియన్ దాదా నేర్పాడు. కాలేజీకి వెళ్ళినవాళ్ళు పరీక్షకు కావలసినంత చదివి వదిలేస్తారు. నాకు పరీక్ష లేదు, అందుకని ఎక్కడా ఆగలేదు.

అన్నిటికంటే ఇష్టంగా చదివినవి మంచు ఖండం గురించిన పుస్తకాలు. వేసవిలో మా ఎర్రమట్టి నేల పెనంలా కాలుతుంటే నేను ధ్రువాల మీద గాలుల గురించి చదివేవాణ్ణి. మా ఆవిడ సత్యవతి వెక్కిరించేది.

"ఏటి ఆ పుస్తకం? అది సదివితే ఒళ్ళు సల్లబడతాదేటి?"

ఒళ్ళు చల్లబడలేదు గానీ, ఒక సంగతి మాత్రం బుర్రకెక్కింది. ఆ ఖండానికి వెళ్ళినవాళ్ళలో ధైర్యం లేనివాడంటూ లేడు. తిరిగొచ్చినవాళ్ళకు ధైర్యంతోపాటు ఇంకొకటి ఉంది: దారిలో ముందే దాచిన తిండి, వాళ్ళ కోసమే తీరంలో ఆగి ఉన్న మనుషులు. తిరిగి రానివాళ్ళ మీద రాసిన పుస్తకాల్లో ధైర్యం గురించిన పేజీలు ఎక్కువ. ఈ తేడా కనిపెట్టడానికి డిగ్రీ అక్కర్లేదు. రెండు రకాల పుస్తకాలూ చదివితే చాలు. మా ప్రణాళిక పనికి పెద్దగా వచ్చిన ఛైర్మన్ మొదటి రకం చదవలేదు.

ఇందాలో మేడమీద ఆఫీసు

యాభైల చివర్లో పెద్ద దేశాలన్నీ దక్షిణ ధ్రువం మీద గుడిసెలు వేసుకుని గాలినీ మంచునీ కొలుస్తుంటే, మనం ఎందుకు వెళ్ళకూడదని మన పత్రికలు కూడా రాశాయి. కొన్నేళ్ళకు కొందరు పెద్దమనుషులు కలిసి ఒక సంఘం పెట్టారు. దేశం తరఫున ధ్రువ పరిశోధనకు పూర్తి ప్రణాళిక తయారుచేసి ఢిల్లీకి సమర్పించడం దాని పని. ఛైర్మన్ కలకత్తా వాడు. గుడిసె పలకలు, యంత్రాలు చేయడానికి చేతులున్న ఊరు కావాలని ఖరగ్‌పూర్‌లో, ఇందా అనే పేటలో బజారు వెనకాల ఒక మేడమీద గదులు అద్దెకు తీసుకున్నారు.

నేను అందులో ఎలా పడ్డానంటే, ఛైర్మన్ ఒక సాయంత్రం మా లైబ్రరీకి వచ్చి ధ్రువాల పుస్తకాలు ఎక్కడున్నాయని అడిగాడు. లైబ్రేరియన్ దాదా తల కూడా ఎత్తకుండా "అవన్నీ ఆ కిటికీ పక్కన కూర్చున్నాయి" అని నన్ను చూపించాడు. ఆ మరుసటి నెల రైల్వే నుంచి డిప్యుటేషన్ మీద నన్ను తీసుకున్నారు. హోదా ప్రణాళికా సహాయకుడు. అధ్యాయాలు నేను రాస్తాను, ఛైర్మన్ దిద్దుతాడు.

ఆయన గురించి న్యాయంగా ఒక మాట చెప్పాలి. కష్టపడేవాడు. పైసా తినేవాడు కాదు. కింద మార్కెట్టు రొద వింటూ, చెమటతో అతుక్కుపోయిన కాగితాల మీద పొద్దస్తమానం పనిచేసేవాడు. నాకు ఆయనమీద కోపం దొంగ అని కాదు. దొంగైతే పట్టుకుని బయటకు తోసి పని సాగించవచ్చు. మంచివాడై, తన ప్రణాళికను మనుషుల కంటే ఎక్కువ ప్రేమించేవాణ్ణి ఎవరు తోస్తారు?

నేను చేరేనాటికి ఒక ముసాయిదా ఉంది. అది ఏదో చలిదేశపు ప్రణాళికకు నకలు. ఎంత నమ్మకంగా నకలు చేశారంటే, బండ్లు లాగే కుక్కలకు మేత ఎంత, వాటి కొట్టాలు ఎంత పొడవు అన్న అధ్యాయం కూడా ఉంది. మన దగ్గర కుక్కలూ లేవు, తోలేవాళ్ళూ లేరు. సంఘం కార్యదర్శి సన్యాల్‌బాబు, కొండలెక్కే అలవాటున్న పొడుగాటి కుర్రవాడు, ఆ పేజీ నాకు చూపించి పళ్ళు బిగించి నవ్వాడు.

"కుక్కలకేం లోటు దాదా? కింద ఇందా బజార్లో చేపల దుకాణం ముందు చూడండి. జాతీయ ధ్రువ కుక్కలు. ఎముకకి కూడా కదలవు."

మనుషుల తిండి అధ్యాయం ఇంకా అన్యాయం. బిస్కట్లు, డబ్బా మాంసం. అది కూడా ఆవు మాంసం. వెళ్ళేవాళ్ళలో సగం మంది దాన్ని ముట్టరు. ముడతారా లేదా అని ఒక్కరు కూడా అడగలేదు. నేను అన్నం, పప్పు, అటుకులు, ఎండుచేప, ప్రెషర్ కుక్కరు అని తిరగరాసి తీసుకెళ్తే ఛైర్మన్ చదివి, కళ్ళద్దాలు తీసి, "ఠీక్ ఆఛే, ఇది బాగుంది" అన్నాడు. అలాంటివి ఒప్పుకునేవాడు. అందుకే ఆ తర్వాత జరిగింది నాకు ఇంకా మింగుడుపడదు.

మంచు ఫ్యాక్టరీలో చేతితొడుగులు

చలి బట్టల నమూనాలు వచ్చినప్పుడు వాటిని ఎక్కడ పరీక్షించాలా అని చూశాం. స్టేషన్ దగ్గర బండ్లకు మంచు దిమ్మలు తయారుచేసే ఫ్యాక్టరీలో ఒక చలిగది ఉంది. ఛైర్మన్ కోటు, తొడుగులు వేసుకుని లోపలికి వెళ్ళి, చేతులు జేబుల్లో పెట్టుకుని నిలబడి, బయటకొచ్చి చాలా బాగున్నాయన్నాడు.

"నిలబడ్డానికి బాగున్నాయి సార్. వీటితో పని చెయ్యగలరో లేదో చూడొద్దా?" అన్నాను.

అప్పుడే సింహాచలాన్ని పిలిపించాను. సింహాచలం మా ఆవిడ తమ్ముడు. రైల్వే రిలీఫ్ ట్రైనులో ఫిట్టరు. ప్రమాదాల చోట దీపాలు వెలిగించే జనరేటరు అతని చేతిలో ఉండేది. అతను తొడుగులతో చలిగదిలో కూర్చుని ఒక ఇంజను విప్పి బిగించబోయాడు. నట్టు వేళ్ళకు చిక్కలేదు. బయటకొచ్చి తొడుగులు ఛైర్మన్ బల్లమీద పెట్టాడు.

"బాబూ, ఇవి ఏసుకుని ఫొటో తీయించుకోవచ్చు. నట్టు తిప్పడానికి మాత్రం పనికిరావు."

ఛైర్మన్ నవ్వాడు. అతన్ని తీసుకోవాలని అప్పుడే అనుకున్నాడట. ధ్రువం మీద చలికాలమంతా గుడిసె బతికేది జనరేటరు మీదే కదా. నాకూ సంతోషమే అయింది. మా ఇంటి మనిషి, నేను చదివిన చోటికి వెళ్తాడు!

పని లేకుండా నిలబడే బండి

ఖరగ్‌పూర్‌లో పుట్టిన మాకు రిలీఫ్ ట్రైను గురించి ఎవరూ చెప్పనక్కర్లేదు. బయటివాళ్ళకు చెప్తాను. యార్డులో దానికో లైను ఉంటుంది. రెండు వైపులా దారి తెరిచి ఉండాలి. ఎంత రద్దీ ఉన్నా ఆ లైను మీద ఒక్క వ్యాగను నిలబెట్టరు. క్రేను, పనిముట్ల డబ్బా, ఆస్పత్రి డబ్బా, వంట డబ్బా అన్నీ సిద్ధం. నెలల తరబడి ఏ పనీ ఉండదు. ఎక్కడో బండి పట్టాలు తప్పిందంటే సైరన్ మోగుతుంది. గ్యాంగు వాళ్ళు కలిపిన అన్నం వదిలేసి పరుగెత్తుతారు. మా నాన్న అలా పరుగెత్తేవాడు. సింహాచలం అలా పరుగెత్తేవాడు. సింహాచలం భార్య పైడమ్మ మూత పెట్టిన కంచం రోజంతా అలాగే ఉంచేది.

ఆ బండి బయల్దేరుతుందన్న నమ్మకం మీదే మిగతా బండ్లన్నీ నడుస్తాయి. చెడిపోయిన బండిని వదిలి సిబ్బంది ఎటూ వెళ్ళరు. దానికి కాపలాగా ఉంటారు, రిలీఫ్ వస్తుంది. మా ఊళ్ళో ఇది రూలు పుస్తకం చదివి నేర్చుకునేది కాదు. సైరన్‌తో పెరిగినవాళ్ళకు ఒంట్లో ఉంటుంది.

దాన్నే నేను అధ్యాయంగా రాశాను. ధ్రువానికైనా, దానికి ముందు హిమాలయాల్లో చేసే పరీక్షా శిబిరానికైనా, మనుషుల్ని పంపిన ప్రతి చోటికీ ఒక రిలీఫ్ దళం ఉండాలి. వాళ్ళకు మరో పని పెట్టకూడదు. శిబిరం నుంచి రేడియో కబురు ఆగితే పిలుపు కోసం చూడకుండా బయల్దేరాలి. ధ్రువానికి రెండో ఓడ కావాలి, రెండో చలికాలానికి సరిపడా తిండి అక్కడే ఉండాలి. చదివిన పుస్తకాలన్నీ, మా నాన్న పరుగులన్నీ ఆ పేజీల్లో పెట్టాను. నా ఉద్యోగ జీవితంలో రాసిన మంచి పని అదొక్కటే. సన్యాల్‌బాబు ముసాయిదా చదివి నా భుజం తట్టాడు.

ఛైర్మన్ మాత్రం పెన్సిలు బల్లమీద దొర్లిస్తూ కూర్చున్నాడు. ఆయన ఇంగ్లీషులో అన్నది తెలుగులో రాస్తున్నాను.

"ఈ దళం ఏం చేస్తుంది?"

"సిద్ధంగా ఉంటుంది సార్."

"అంటే ఏమీ చెయ్యదు."

"ఏమీ చెయ్యకుండా ఉండటమే దాని పని సార్. మా రిలీఫ్ ట్రైను..."

"ఇది రైల్వే కాదు! ఒక్క ఓడ ఇప్పించడానికే నేను ఢిల్లీలో కాళ్ళు పట్టుకోవాలి. రెండో ఓడ ఊరికే నిలబెట్టడానికంటే వాళ్ళేమంటారు? బయల్దేరకముందే మునిగిపోతామని మీకే నమ్మకమా అంటారు. భయం వాసన వేసే ప్రణాళికని ఎవరూ మంజూరు చెయ్యరు."

"మరి మనిషి చిక్కుకుంటే?"

"చిక్కుకోకుండా పథకం వేస్తాం. అందుకే కదా మనం ఉన్నది."

ఈ వాక్యం గుర్తు పెట్టుకోండి. ఏ ఆఫీసులో చేరినా మీకు వినిపిస్తుంది. చదువుకున్న మనిషి నోటి నుంచి, చాలా మర్యాదగా వస్తుంది. విన్న వెంటనే లేచి నిలబడి అరవండి. నేను మూడుసార్లు పోట్లాడాను, మర్యాదగానే పోట్లాడాను. అచ్చుకు వెళ్ళిన ప్రతిలో ఆ అధ్యాయం లేదు. పేజీల అంకెలు సరిచేసి అతుకు కనబడకుండా చేశారు.

సింహాచలం నమ్మలేదు

హిమాలయాల్లో పరీక్షా శిబిరానికి మనుషుల్ని ఎంపిక చేశారు. నాయకుడు సన్యాల్‌బాబు. ఇద్దరు పరిశోధకులు, జనరేటరుకి సింహాచలం. అందరికీ ఏర్పాట్లు కాగితం మీద అయ్యాయి. సింహాచలానికి మాత్రం రైల్వే అనుమతి ఆలస్యమవుతుందని, ఇప్పటికి సెలవు పెట్టి రమ్మని, తర్వాత డ్యూటీ కింద మార్పిస్తామని ఛైర్మన్ చెప్పాడు. నేను మలంచా పేటలో సింహాచలం ఇంటికి వెళ్ళాను. పైడమ్మ బియ్యం చెరుగుతోంది. సింహాచలం కొత్త ఊలు టోపీ పెట్టుకుని ఎండలో కూర్చున్నాడు.

"బావా, ఎలగున్నాను?"

"కోతిలా ఉన్నావు. ఒరే, ఇను. నేను రాసిన రిలీఫ్ అధ్యాయం తీసీసినారు. కింద దళం ఏటీ ఉండదు. ఎల్లకు."

అతను పడీ పడీ నవ్వాడు.

"పుస్తకంలో తీసీసినారేమో గానీ బావా, నిజంగా తీసేత్తారేటి? ఎక్కడైనా రిలీఫ్ నేకుండా మనిషిని పంపుతారా? పిచ్చోళ్ళా ఆళ్ళు? అంత సదివినోళ్ళు!"

"సదివినోళ్ళు గనకే సెప్తన్నాను."

"నువ్వు పుస్తకాలు సదివీ సదివీ బయపడతన్నావు. నాను ఎంతమందిని తెచ్చినాను? బోగీల కిందనుండి లాగి తెచ్చినాను. నన్ను తెచ్చీవోళ్ళు ఉండరా?"

పైడమ్మ చేట ఆపింది.

"అన్నయ్యా, మీరు ఆపీసులోనే ఉంతారు గదా. మీరు పంపరా మనుసుల్ని?"

"నా సేతిలో ఏటీ నేదమ్మా."

"మరి ఎవలి సేతిలో ఉన్నాది?"

ఆ మాట ఛైర్మన్‌ను వెళ్ళి అడిగాను. ఆయన ఎవరి పేరూ చెప్పలేదు. మా ప్రణాళికలో అన్నిటికీ ఒక బాధ్యుడున్నాడు, గాలివేగం కొలిచే గిన్నెలకు కూడా. ఈ ప్రశ్నకు లేడు.

సింహాచలం వెళ్ళాడు. అతనిది తెలివితక్కువతనం అనుకోకండి. రిలీఫ్ ట్రైను పక్కన పెరిగిన మనిషి మాత్రమే చేయగల పొరపాటు అది. తాము ప్రతిసారీ పరుగెత్తారు కాబట్టి, తమ కోసం ఎవరూ పరుగెత్తకుండా ఉంటారన్నది వాళ్ళ ఊహకే అందదు.

కొండమీద

జరిగింది తర్వాత ముగ్గురి నోట విన్నాను, ముగ్గురిదీ ఒకటే. శిబిరం బాగానే మొదలైంది. గుడిసె నిలబడింది, జనరేటరు నడిచింది. తర్వాత తుపాను పట్టుకుంది. రేడియో చెడిపోయింది. పరిశోధకుల్లో ఒకాయనకు ఊపిరి ఆడక పెదాలు నల్లబడ్డాయి. గాలి కాస్త తెరిపివ్వగానే అతన్ని కిందికి దించాలి. మోయడానికి ఇద్దరు కావాలి. గుడిసెలో యంత్రాలున్నాయి, అవి సంఘం ప్రాణం. సన్యాల్‌బాబు సింహాచలాన్ని ఉండమన్నాడు. రిలీఫ్ వస్తుందన్నాడు. సింహాచలం "ఠీక్ హై దాదా, నాను సూసుకుంతాను" అని తలుపు వేసుకున్నాడు.

మళ్ళీ తుపాను మొదలైంది. నూనె అయిపోయింది. దిగిపోవడానికి ఒకసారి ఆకాశం తెరిపిచ్చిందట. సింహాచలం గుమ్మంలో నిలబడి దారి చూశాడు, దిగలేదు. ఎందుకు దిగలేదురా అని తర్వాత ఆస్పత్రిలో అడిగాను.

"బండి ఒగ్గీసి ఎలగొస్తాను బావా? నాను అటెల్లిపోతే, రిలీఫోళ్ళు వచ్చి నాను కనపడక ఎతుక్కుంతారు గదా."

కింద ఊళ్ళో సన్యాల్‌బాబు జబ్బు మనిషిని దించి, రిలీఫ్ దళం ఎక్కడని అడిగాడు. అక్కడ ఎవరూ లేరు. ఆ ఊరి గొర్రెల కాపరులు, మా ప్రణాళికలో ఎక్కడా పేరు లేని మనుషులు, గాలి తగ్గేదాకా ఆగి తమంతట తామే పైకి వెళ్ళి ఒక తలుపు చెక్కమీద సింహాచలాన్ని కట్టి తెచ్చారు. రెండు కాళ్ళ వేళ్ళూ పోయాయి. ఎడమచేతి వేళ్ళు కొన్ని పోయాయి. చలిగదిలో నట్టు తిప్పబోయిన చెయ్యి అది.

సమావేశం

ఇందా మేడమీద సమీక్షా సమావేశం పెట్టారు. శిబిరం మీద నివేదిక ఢిల్లీకి వెళ్ళాలి. దాన్ని రాయాల్సింది నేను. ఛైర్మన్ ఒక వాక్యం చెప్పి రాసుకోమన్నాడు: నాయకుడి సలహాకు వ్యతిరేకంగా మెకానిక్కు శిబిరంలో ఉండిపోయాడు.

కలం కింద పెట్టాను.

దాని అర్థం ఆ గదిలో అందరికీ తెలుసు. సింహాచలం సెలవులో ఉన్నాడు. ఆ కాళ్ళతో ఫిట్టరు పని చెయ్యలేడు. మాట వినక గాయపడ్డాడని సంఘమే రాస్తే, సెలవులో సొంత పనిమీద వెళ్ళి కాళ్ళు చెడగొట్టుకున్నాడని రైల్వే తీసేస్తుంది. వాళ్ళకు వేరే ఆధారం లేదు. అయినా ఆయన ఆ వాక్యం రాయిస్తున్నాడు. ప్రణాళిక బతకాలి కదా!

"ఇది నేను రాయను సార్."

"మీరు బంధువు. అందుకే మీకు బాధ. విజ్ఞానంలో బంధుత్వాలు ఉండవు."

"ఉండవు సార్. అందుకే నేను చెప్పింది కూడా నమ్మకండి. చెప్పినాయన ఇక్కడే కూర్చున్నాడు, ఆయన్నే అడుగుదాం." సన్యాల్‌బాబు వైపు తిరిగాను. అతను కిటికీలోంచి బజారు చూస్తున్నాడు. "దాదా, గుడిసె తలుపు దగ్గర సింహాచలానికి ఏం చెప్పారు?"

సన్యాల్‌బాబు చెడ్డవాడు కాదు. ఛైర్మన్ శిష్యుడు, ఆ చేతిమీదుగానే పైకి రావాల్సిన వాడు. కింద రిక్షావాళ్ళ గంటలు వినబడుతున్నాయి.

"ఉండమన్నాను" అన్నాడు చివరికి. "నేనే ఉండమన్నాను. రిలీఫ్ వస్తుందని చెప్పాను."

ఛైర్మన్ ముఖం ఎర్రబడింది. "రిలీఫ్ వస్తుందని మీకెవరు చెప్పారు?"

సన్యాల్‌బాబు నా వైపు చూపించాడు.

"ఈయన అధ్యాయం. ముసాయిదాలో చదివాను. అది మన పథకంలో ఉందనే నేను కొండెక్కాను. మీరు తీసేశారని నాకెవరూ చెప్పలేదు సార్."

అచ్చుప్రతి అతనికి అందేలోపే శిబిరానికి బయల్దేరాడట. అతనికి తెలిసే ఉంటుందనుకుని నేనూ చెప్పలేదు. అంటే నేను రాసిన పేజీలను నమ్మి ఒకడు మాటిచ్చాడు. ఆ మాట నమ్మి ఇంకొకడు కూర్చున్నాడు. పేజీలు మాత్రం ఛైర్మన్ చెత్తబుట్టలో ఉన్నాయి. నా వృత్తిలో ఇంతకంటే నీచమైన సంగతి నాకు తెలియదు. ఒక వాగ్దానాన్ని తీసేసేవాడు, దాన్ని విన్న ప్రతి మనిషి దగ్గరకూ వెళ్ళి, తీసేశానని చెప్పాలి. చెప్పే ధైర్యం లేకపోతే తీసేసే హక్కు లేదు.

ఆ వాక్యం పోయింది. దాని బదులు ఛైర్మన్ స్వయంగా రాసిన వాక్యం వచ్చింది: ఒక సాంకేతిక సహాయకుడికి స్వల్ప గాయాలయ్యాయి. స్వల్పం! ఆ మాట ఎక్కడ అచ్చులో కనబడినా నాకు ఇప్పటికీ ఆ కాళ్ళు కనిపిస్తాయి. రిలీఫ్ అధ్యాయం తిరిగి పెట్టమని అడిగాను. ఇప్పుడు పెడితే ఎందుకు పెట్టారని ఢిల్లీ అడుగుతుందన్నాడు. డిప్యుటేషన్ రద్దు చెయ్యమని ఆ రోజే చెప్పి, మెట్లు దిగి, స్టోర్సుకి తిరిగి వెళ్ళాను. రిటైరయ్యేదాకా అక్కడే ఉన్నాను.

ప్రణాళిక ఢిల్లీ వెళ్ళింది. బీరువాలో పడుకుంది. రెండో ఓడ అడగలేదు కదా అని మొదటి ఓడ ఏమీ ఇచ్చెయ్యలేదు. భయం వాసన లేకపోయినా మంజూరు కాలేదని ఛైర్మన్‌కు ఎవరైనా చెప్పారో లేదో.

తర్వాత

సన్యాల్‌బాబు ఒక మంచి పని చేశాడు. సమావేశంలో చెప్పింది చెప్పి ఊరుకోలేదు. వర్క్‌షాపుకి నడిచివెళ్ళి, ఆఫీసరు ఎదుట నిలబడి, ఆ మనిషి తన ఆజ్ఞమీద అక్కడ ఉన్నాడని చెప్పాడు. ఆ తర్వాత సంఘంలో అతనికి చోటు లేదు. సింహాచలాన్ని తీసెయ్యకుండా రిలీఫ్ ట్రైను పనిముట్ల డబ్బాలో కూర్చుని చేసే పనికి మార్చారు. దీపాలు తుడవడం, జాకీలకు నూనె పెట్టడం. సైరన్ మోగితే ఇప్పుడు పరుగెత్తలేడు. అందుకని డ్యూటీ లేకపోయినా డబ్బా దగ్గరే ఉంటాడు. పైడమ్మ అన్నం అక్కడికే తెస్తుంది.

"ఇప్పుడు కంచం సల్లారిపోదు అన్నయ్యా. బండితోపాటే ఎల్లిపోతాది" అంటుంది. ఆవిడ నవ్వుతుంది. నాకు నవ్వు రాదు.

ఈ మధ్య దేశంలో మళ్ళీ ధ్రువం మాట వినబడుతోంది. మళ్ళీ సంఘాలు, మళ్ళీ ముసాయిదాలు. వెళ్ళాలి. నేను చదువుకున్నది వెళ్ళొద్దని చెప్పడానికి కాదు. పోయిన నెల ఒక కుర్ర శాస్త్రవేత్త నా చిరునామా కనుక్కుని వచ్చాడు. చురుకైనవాడు, పుస్తకాలు నాకంటే ఎక్కువ చదివాడు; నాకు ముచ్చటేసింది. కొత్త ముసాయిదా చూసి అభిప్రాయం చెప్పమన్నాడు. నేను దాన్ని తెరవలేదు. అతన్ని సైకిలు వెనక కూర్చోబెట్టుకుని యార్డుకి తీసుకెళ్ళాను.

సింహాచలం డబ్బా గుమ్మంలో కూర్చుని లాంతరు తుడుస్తున్నాడు. ఎవరో, ఎందుకొచ్చాడో చెప్పాను. అతను కుర్రవాణ్ణి ఎగాదిగా చూశాడు.

"సలి కోటు బాగా కుట్టించుకోండి బాబూ. సేతితొడుగులు సూసుకోండి." లాంతరు పక్కన పెట్టాడు. "మీ రిలీఫ్ ఎక్కడ నిలబడి ఉంతాది?"

కుర్రవాడు సంచిలోంచి ముసాయిదా తీసి పేజీలు తిప్పాడు. ముందునుంచి వెనక్కి, వెనకనుంచి ముందుకి.

"అది తర్వాతి దశలో నిర్ణయిస్తాం" అన్నాడు.

సింహాచలం లాంతరు మళ్ళీ ఒళ్ళోకి తీసుకున్నాడు.

"అయితే ఇప్పుడు ఎల్లకండి."